ఆరు బల్లలు, ఒక చిట్టీ

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా వాడలో ఉచిత ఆరోగ్య పరీక్షల శిబిరం పెట్టారు. మా పెద్దమ్మ కూతురు ఎం.బి.బి.ఎస్. మూడో సంవత్సరం చదువుతున్నది, ఆ శిబిరంలో వాలంటీర్. ముందురోజు రాత్రి ఫోన్ చేసి, "నీకు తెలుగు, హిందీ, మరాఠీ మూడూ వచ్చు. ఇంట్లో ఖాళీగానే ఉన్నవు కదా, పొద్దున్నే రా" అన్నది. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి, అదే చెప్పాను. "నువ్వు సూది పట్టుకునేదేం లేదు, మాట పట్టుకుంటే చాలు" అన్నది అక్క.

ఉచిత శిబిరాలు మనందరం చూసినవే. కాలేజీలోనూ పెడతారు, ఊళ్ళోనూ పెడతారు. వరుసలో నిలబడతాం, చెయ్యి చాపుతాం, ఒక చిట్టీ తీసుకొని ఇంటికి వస్తాం. ఆ చిట్టీ తర్వాత ఎక్కడ పోతుందో ఎవరికీ గుర్తుండదు. ఒకరోజంతా బల్లకు అవతలి వైపు కూర్చున్నాక నాకు అర్థమైన సంగతులు రాస్తున్నాను.

ముందు మా ఊరి గురించి

హాస్టల్లో చేరిన కొత్తలో "భివండి అంటే మహారాష్ట్రనా? మరి నీకు తెలుగెట్లా వచ్చు?" అని చాలామంది అడిగారు. భివండి ముంబైకి దగ్గర్లో, ఠాణే జిల్లాలో ఉంది. దేశంలో మరమగ్గాలు బాగా ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ఒకటి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపుల నుంచి మా పద్మశాలీ కుటుంబాలు తరాల కింద అక్కడికి బతకపోయాయి. పద్మనగర్, కామత్‌ఘర్ గల్లీల్లో నడిస్తే తెలుగే వినపడుతుంది. బతుకమ్మ ఆడతాం. మా బాపుది సిరిసిల్ల వైపు. అమ్మ సోలాపూర్‌లో పుట్టి పెరిగి మరాఠీ బడిలో చదివింది. అందుకే మా ఇంట్లో అన్నం తెలుగులో అడిగితే కూర మరాఠీలో వస్తుంది.

మేం మరమగ్గాన్ని సాంచ అంటాం. బాపు పదిహేడేళ్ళ వయసు నుంచి సాంచాల మీదే ఉన్నాడు. ఇప్పుడు నలభై ఏడు. పొద్దటి పాళీ ఒక వారం, రాత్రి పాళీ ఒక వారం, ఒక్కో పాళీ పన్నెండు గంటలు.

శిబిరం అంటే వైద్యం కాదు

హాల్లో ఆరు బల్లలు వేశారు. ఒకటి పేరు రాసుకునేది. రెండోది ఎత్తు, బరువు, నడుము కొలత. మూడోది బీపీ. నాలుగోది షుగర్, రక్తం. ఐదోది దగ్గు, దమ్ము, చెవి గురించి అడిగేది. ఆరో బల్ల దగ్గర పెద్ద డాక్టర్ కూర్చున్నారు. అక్క వాళ్ళ బ్యాచ్ విద్యార్థులు మొదటి ఐదు బల్లల దగ్గర ఉన్నారు.

తెరిచిన అరగంటకే ఒక అవ్వ అక్కతో గొడవ పెట్టుకుంది. మోకాళ్ళ నొప్పికి గోలీలు ఇయ్యమన్నది. "నేనింకా చదువుతున్న అవ్వా, నేను మందు రాయొద్దు. ఆ చివరి బల్ల కాడ డాక్టర్ ఉన్నరు" అన్నది అక్క. "గోలి ఇయ్యని డాక్టర్ ఏం డాక్టరు? తెల్ల కోటెందుకు మరి?" అని అవ్వ లేచింది. నవ్వొచ్చింది కానీ అవ్వ అడిగింది సరైన ప్రశ్నే. వైద్య విద్యార్థి కొలవొచ్చు, అడగొచ్చు, రాయొచ్చు, వివరించొచ్చు. చదువు పూర్తయి, రిజిస్టర్ అయితే తప్ప మందు రాయకూడదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇలాంటి శిబిరాన్ని స్క్రీనింగ్ అంటారు. అంటే జల్లెడ పట్టడం. జబ్బు ఉండే అవకాశం ఉన్నవాళ్ళను వేరు చేయడమే దీని పని. జబ్బు ఉందని తేల్చేది తర్వాత జరిగే పరీక్ష. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు దీనికి పది నియమాలు రాశారు. అందులో రెండు నాకు బాగా నచ్చాయి: ఏ జబ్బు కోసం జల్లెడ పడుతున్నామో దానికి వైద్యం ఉండాలి, ఆ వైద్యం అందే చోటు కూడా ఉండాలి. లేకపోతే మనిషికి భయం ఇచ్చి పంపినట్టే.

మీకు తెలిసిన ఉదాహరణ కంటి వెలుగు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైంది. మొదటి విడతలోనే ఒకటిన్నర కోటి మందికి పైగా కళ్ళు చూశారు. చత్వారం ఉన్నవాళ్ళకు అక్కడికక్కడే అద్దాలు ఇచ్చారు. జల్లెడ, వైద్యం ఒకే బల్ల మీద దొరికాయన్నమాట. బీపీకి, షుగర్‌కు, టీబీకి అట్లా కుదరదు. అక్కడ చిట్టీ ఇచ్చి పంపాలి. ఆ చిట్టీకీ ఆసుపత్రికీ మధ్య ఉన్న దారిలోనే చాలామంది ఆగిపోతారు.

బీపీ బల్ల: మేం చేసిన తప్పు

మొదట్లో వచ్చినవాళ్ళలో చాలామందికి బీపీ ఎక్కువ వచ్చింది. మేం కంగారుపడ్డాం. పెద్ద డాక్టర్ వచ్చి చూసి, తప్పు మాదేనన్నారు. హాలు రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కి వచ్చినవాళ్ళను వచ్చినట్టే కూర్చోబెట్టి పట్టీ కట్టేస్తున్నాం. పైగా నేను పక్కనే కూర్చొని "మీది ఏ ఊరు? ఎన్నేండ్లయింది వచ్చి?" అని ముచ్చట పెడుతున్నాను!

బీపీ చూసేముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి. పాదాలు రెండూ నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేయొద్దు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి, కిందికి వేలాడేస్తే అంకె పెరుగుతుంది. పట్టీ చొక్కా మీద కాకుండా చేతికే కట్టాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. నేను ముచ్చట మానేసి, బయట ఐదు కుర్చీలు వరుసగా వేశాను. ఆ తర్వాత అంకెలు చాలావరకు దిగాయి.

దిగనివాళ్ళూ ఉన్నారు. 140/90 దాటితే మళ్ళీ చూడాలి. ఒక్కసారి చూసి "నీకు బీపీ ఉంది" అనకూడదు, వేరే రోజుల్లో కూడా కొలవాలి. బీపీతో వచ్చిన చిక్కేమిటంటే నొప్పి ఉండదు. "నాకేం కాలేదు, మంచిగనే ఉన్న" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ.

షుగర్ బల్ల దగ్గర మొదటి ప్రశ్న "చాయ్ తాగినవా?" అని. తిన్నాక చూస్తే ఒక హద్దు, తినకముందు చూస్తే ఇంకో హద్దు, అది దాటితే పెద్ద పరీక్షకు పంపుతారు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ చూడాలన్నది జాతీయ కార్యక్రమం నియమమట. రక్తం సంగతి మాత్రం ముప్పై దాకా ఆగేది కాదు. గర్భిణి కాని ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మన క్లాసులో కూర్చొని లెక్కేసుకోండి. నాకు 10.4 వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే హాస్టల్ అన్నం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

తెల్లబట్ట

నేను వెళ్ళినందుకు ఉపయోగం జరిగిందని నాకు అనిపించిన చోటు ఇది. కండెలు చుట్టే పనికి పోయే ఒకామె, ముప్పై ఐదేళ్ళు ఉంటాయేమో, హిందీ మాత్రమే వచ్చిన ఒక వాలంటీర్ అబ్బాయితో తనకొచ్చిన హిందీలో చెప్పింది. తెల్లబట్ట ఎక్కువవుతున్నది అని చెప్పడానికి "సఫేద్ కప్డా జ్యాదా హోతా" అన్నది. ఆ అబ్బాయి కాగితం మీద "తెల్ల గుడ్డ నేసే పని ఎక్కువ" అని రాసుకున్నాడు. మా ఊరు బట్టల ఊరు కదా, అతనికి అనుమానం కూడా రాలేదు. ఆమె ఇంకేం అనలేక కొంగు సర్దుకొని లేచింది.

నేను పక్క బల్ల నుంచి విని పిలిచి, అక్క దగ్గర కూర్చోబెట్టాను. ఆర్నెల్లుగా ఉందట, నడుము నొప్పి కూడా ఉందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మహిళా డాక్టర్ దగ్గరికి చిట్టీ రాయించాం. తెల్లబట్ట ప్రతిసారీ జబ్బు కాదు. కానీ వాసన, దురద, నొప్పి ఉంటే చూపించుకోవాలి. ఒక్క మాట అర్థం కాకపోతే ఆమె ఆర్నెల్ల బాధ బట్టల లెక్కలో పడిపోయేది.

ఆ రోజు విన్న మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కాళ్ళు గుంజుతున్నయి. గుండెల కలుక్కుమంటది. దమ్ము వస్తది. ఒళ్ళంతా సలుపుతది. కడుపుల దేవినట్టయితది. వీటికి హిందీలో సరిసమానమైన మాట వెతకడం పరీక్ష పేపర్ కన్నా కష్టం. ఉదాహరణకు దమ్ము అంటే మనకు ఆయాసం. సినిమాల్లో, హిందీలో అది ధైర్యం, సత్తా. "ఈమెకు చాలా దమ్ముంది" అని అనువాదం చేస్తే అయిపోయినట్టే.

దుమ్ము దగ్గు

ఐదో బల్ల దగ్గర ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "అది దుమ్ము దగ్గు. సాంచాల కాడ అందరికీ ఉంటది." ఇందులో సగం నిజం ఉంది. నూలు పీచు, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం పాత సమస్యే. ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు 1700లో పనివాళ్ళ జబ్బుల మీద పుస్తకం రాస్తూ, అవిసె నార, జనపనార దువ్వేవాళ్ళ దగ్గు గురించి అందులో చెప్పాడు. పత్తి దుమ్ము వల్ల వచ్చే జబ్బును బిసినోసిస్ అంటారు. సెలవు తర్వాత మొదటి రోజు పనికి పోగానే ఛాతీ పట్టేసినట్టు ఉండటం దాని గుర్తు. అందుకే అక్క అందరినీ "సెలవు అయినంక మొదటి రోజు ఎక్కువుంటదా?" అని అడుగుతుంటే నాకు మొదట వింతగా అనిపించింది.

మిగతా సగంలోనే ప్రమాదం ఉంది. దుమ్ము దగ్గు అనుకున్నది టీబీ కావొచ్చు. ఒకే గదిలో పాళీల ప్రకారం పడుకునే పనివాళ్ళలో ఒకరికి వస్తే పక్కవాళ్ళకు తేలిగ్గా అంటుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వీటిలో ఏది ఉన్నా కళ్ళె పరీక్ష చేయించాలి. సర్కారు దవాఖానాలో పరీక్ష, మందులు ఉచితం. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు వాడాలి. తిండి కోసం కేంద్రం నెలకు ఇచ్చే డబ్బు 2018లో 500 రూపాయలు ఉండేది, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. ఈ సంగతి నేను చెప్పినప్పుడు ఒక తాత "పైసలు సరే, పేరు బయట పడ్తదా?" అని అడిగాడు. జబ్బు కన్నా గల్లీకి ఎక్కువ భయపడుతున్నాం మనం.

బాపు చెవి

మధ్యాహ్నం మా బాపు వచ్చాడు, అమ్మ బలవంతం మీద. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి.

హాస్టల్ నుంచి బాపుకు ఫోన్ చేస్తే నేనొకటి చెప్తే ఆయనొకటి అనేవాడు. ఒకసారి "పైసలు చాలు బాపూ, చాలు" అన్నాను. "పాలా? తాగుతున్నవా? మంచిదే, తాగు" అన్నాడు. నవ్వుకున్నాను. తర్వాత తర్వాత విసుగొచ్చింది. నా మాట మీద ధ్యాస పెట్టడని అనుకున్నాను. చివరికి ఫోన్ అమ్మకే చేయడం మొదలుపెట్టాను.

శిబిరంలో వినికిడి యంత్రం లేదు. గుసగుస పరీక్ష చేశారు. ఒక చెవి మూసి, చేతి దూరంలో వెనక నిలబడి గుసగుసగా మాటలు చెప్పాలి, వాళ్ళు తిరిగి చెప్పాలి. సగం కూడా చెప్పలేకపోతే పెద్ద పరీక్షకు పంపాలి. అక్క నన్నే తెలుగు మాటలు చెప్పమన్నది. బాపు వెనక నిలబడి "చేప" అన్నాను. "ఏ... ఆ... ఏందో అన్నవు" అన్నాడు. "పాట" అన్నాను. "ఆ, ఆ అని ఇనవడ్డది." "కాశీ" అన్నాను. నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. రెండో చెవీ అంతే.

అక్క వివరించింది. చెవి లోపల నత్తగుల్లలాంటి భాగంలో దాదాపు 15 వేల సన్నని కణాలు ఉంటాయి, వాటికి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. ఎక్కువ చప్పుడు రోజూ పడితే అవి చచ్చిపోతాయి, మళ్ళీ పుట్టవు. మొదట దెబ్బతినేవి సన్నని, కీచు శబ్దాలను పట్టుకునేవి, సుమారు 4000 హెర్ట్జ్ దగ్గరివి. అచ్చుల బలం దానికి బాగా కింద ఉంటుంది. క, చ, ట, త, ప లాంటి పరుషాలు, శ, ష, స లాంటి ఊష్మాల గుర్తింపు పై శబ్దాల్లో ఉంటుంది. అంటే బాపుకు అచ్చులు అందుతున్నాయి, హల్లులు జారిపోతున్నాయి. "ఇనవడ్తది గాని సమజ్ గాదు" అని ఆయన ఎప్పుడూ అనే మాట అక్షరాలా నిజం.

మన తెలుగు అజంత భాష అని క్లాసులో గొప్పగా చదువుకున్నాం కదా. ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి బాపుకు ప్రతి మాటా ఉన్నట్టే వినపడుతుంది. కానీ చాలు, పాలు, కాలు, తాలు అన్నీ ఒకటే అవుతాయి. గసడదవాదేశ సంధికి సూత్రం ఉంది. బాపు చెవి చేసుకునే ఆదేశానికి ఏ సూత్రమూ లేదు, తోచింది పెట్టుకుంటుంది. ఫోన్లో ఇంకా కష్టం. మామూలు ఫోన్ కాల్ సుమారు 3400 హెర్ట్జ్ పైన ఉన్న శబ్దాన్ని కోసేస్తుంది. మిగిలిన కాస్త ఆధారం కూడా పోతుంది.

మన ఫ్యాక్టరీ నియమాల ప్రకారం 90 డెసిబెల్ చప్పుడులో రోజుకు 8 గంటలే ఉండొచ్చు. 100 అయితే 2 గంటలే. సాంచాల షెడ్డులో చప్పుడు 90 దాటుతుంది. పాళీ పన్నెండు గంటలు. ఇంగ్లండ్‌లో లాంకషైర్ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు చప్పుడులో మాట వినపడక పెదవులు పెద్దగా కదిపి మాట్లాడుకునేవాళ్ళట. మా షెడ్లలో చేతి సైగలు నడుస్తాయి. చెవిలో దూది పెట్టుకుంటే పెద్దగా లాభం లేదు, చెవి బిరడాలు కావాలి. వాటిని ఎందుకు పెట్టుకోరని అడిగితే, "సాంచ చప్పుడు మారితేనే కదా ఏదో తప్పయిందని తెలిసేది" అన్నాడు బాపు. ఆ జవాబు ముందు నాకు మాట రాలేదు.

బీపీ బల్ల దగ్గర బాపుకు 168/104 వచ్చింది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూస్తే 162/100.

చిట్టీ వెనక

డాక్టర్ చిట్టీ రాశారు, ఇంగ్లీషులో. ఇందిరాగాంధీ స్మారక ఉపజిల్లా ఆసుపత్రికి పొమ్మన్నారు. బాపు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మడత చూస్తే నాకు అర్థమైపోయింది, ఆ చొక్కాతో పాటు అదీ నీళ్ళలో నానుతుందని.

అందుకే ఒక పని చేశాం. తెలుగువాళ్ళ చిట్టీలన్నిటి వెనక నేను తెలుగులో నాలుగు ముక్కలు రాశాను: ఎక్కడికి పోవాలి, ఏం తీసుకుపోవాలి, అక్కడ ఏమని చెప్పాలి, పోకపోతే ఏమవుతుంది. చదవలేని అవ్వలకు ఫోన్ నంబర్ రాసుకున్నాను. రెండు వారాల తర్వాత హాస్టల్ నుంచి ఫోన్లు చేశాను. సగం మంది కూడా పోలేదు. ఒక పాళీ పోతే ఆ రోజు కూలీ పోతుంది. అక్కడ వరుస పొడుగు. నొప్పి లేదు కదా అన్నారు. పదిమంది లోపు పనివాళ్ళున్న చిన్న షెడ్లకు ఈఎస్ఐ తప్పనిసరి కాదు కాబట్టి జీతంతో సెలవు అన్న మాటే లేదు. చిట్టీ ఇవ్వడం ఒక రోజు పని. ఆ చిట్టీ పట్టుకొని మనిషి ఆసుపత్రి గడప దాటేదాకా వెంట ఉండటం చాలా రోజుల పని. అది డాక్టరే చేయాలని లేదు.

బాపు కూడా రెండు వారాలు పోలేదు. మూడో వారం అమ్మ ఒక పాళీ మాన్పించి తీసుకుపోయింది. ఇప్పుడు రోజూ ఒక బీపీ గోలి. చెవి పరీక్షకు ముంబై బాంద్రాలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు అక్క వెంటబెట్టుకుపోయింది. అలీ యావర్ జంగ్ హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా, తర్వాత మహారాష్ట్రకు గవర్నర్‌గా పనిచేసినాయన. బాపు వినికిడి గీత 4000 దగ్గర గోతిలో పడ్డట్టు దిగింది. పోయింది తిరిగి రాదన్నారు. మిగిలింది కాపాడుకోవచ్చు, యంత్రం పెట్టుకుంటే కొంత సాయం ఉంటుంది అన్నారు. యంత్రం సంగతి ఇంకా ఇంట్లో మాట్లాడుకుంటున్నారు.

ఇప్పుడు నేను బాపుకు వీడియో కాల్ చేస్తాను. వెలుతురు నా ముఖం మీద పడేట్టు కూర్చొని, అరవకుండా, నెమ్మదిగా, పెదవులు కనపడేట్టు మాట్లాడతాను. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు కావు.

మీ ఊళ్ళో, మన కాలేజీలో శిబిరం పెడితే బల్లకు అవతలి వైపు కూడా కూర్చోండి. మన డిపార్ట్‌మెంట్ వాళ్ళకు అక్కడ పని ఉంది. ఈ కాగితం గోడకు అతికించాక ఫోటో తీసి బాపుకు పంపుతాను. చదవడంలో ఆయనకు ఒక్క హల్లు కూడా పోదు.

– బి.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని